ఐస్‌క్రీమ్ డబ్బాలో కూర్మమ్మ

“మీ అమ్మని తీసుకెల్లి ఐసులో ఎట్టినావు మావా. రొయ్యల పక్కన. బతికున్నప్పుడు ఫ్యాను గాలి తగిల్తేనే దగ్గేది ఆ మనిషి.”

“అది మా అమ్మ కాదే రత్నా. పురుగు.”

“పురుగుని ఎవుడైనా డబ్బాలో ఎట్టి మూతెడతాడేటి?”

“ఫోటో తీద్దారని.”

“ఫోటో గోడకున్నాది కదా, దండేసి మరీని. ఇంకేటి ఫోటో కావాల నీకు?”

వంటింటి వెనక కుళాయి దగ్గర పళ్ళు తోముకుంటున్న తనేశ్ బ్రష్షు నోట్లోనే ఉంచి ఆగిపోయాడు. షా ఆలంలో కాలేజీని రెండో ఏడాది మధ్యలో వదిలేసి, ఇంట్లో నాన్న మొహం చూడలేక, బంటింగ్‌లో పెద్దమ్మ రత్నావతి ఇంటి వెనక గదిలో దిగాడు. మోటారుసైకిలు మీద పార్సిళ్ళు తిప్పుతాడు. ఎక్కడా కుదురుగా ఉండే రకం కాదు, ఇక్కడ కూడా ఎన్నాళ్ళుంటాడో వాడికే తెలియదు. ఈ ఇంట్లో టీవీ సౌండు మీద గొడవ విన్నాడు, పులుసులో ఉప్పు మీద విన్నాడు, నందివర్ధనం ఆకులు తినేస్తున్న పచ్చ పురుగుల మీద చాలాసార్లు విన్నాడు. చచ్చిపోయిన అత్తగారిని ఫ్రిజ్‌లో పెట్టడం మీద మాత్రం ఇదే మొదటిసారి. నోరు పుక్కిలించి లోపలికి నడిచాడు.

“ఏమైంది లా పెద్దమ్మా?” మాటల్లో మలాయ్‌వాళ్ళ ‘లా’ తగిలించడం వాడికి అలవాటు.

“అడుగు మీ పెదనాన్నని. పెద్ద సైంటిస్టు అయిపోనాడు కదా.”

పెదనాన్న తాతబాబు లుంగీ మీద, బనీను మీద, వంటింటి బల్ల ముందు నిలబడి ఉన్నాడు. బల్ల మీద పాత ఐస్‌క్రీమ్ డబ్బా. అందులో అరచెయ్యంత చిమ్మట. గోధుమరంగు రెక్కలు, వాటి మీద అడ్డంగా తెల్ల గీత, కింద రెండు తోకలు. ఎడమ తోక సగానికి చిరిగి ఉంది. రెక్కల మీద ఐసు పొడి చక్కెర చల్లినట్టు మెరుస్తోంది. అది కదలడం లేదు.

అది పురుగే. కానీ రత్నావతికి అది అత్తగారు కూర్మమ్మ అవడానికి కారణం ఉంది.

కూర్మమ్మ చివరి రోజులన్నీ ఈ ఇంట్లోనే గడిపింది. కిడ్నీలు పాడయ్యాయి. డాక్టరు ఉప్పు ముట్టొద్దన్నాడు. కూర్మమ్మకి మాత్రం ఎండుచేపల పులుసు కావాలి. పొద్దున్నా అదే మాట, సాయంత్రమూ అదే మాట. రత్నావతి ఎదురు చెప్పేది కాదు. “రేపు సేస్తాను అత్తా” అనేది. ఆ రేపు రాలేదు. ఆస్పత్రిలో ఉన్న చివరి రోజున కూడా అదే మాట చెప్పి, స్నానం చేసొస్తానని ఇంటికొచ్చింది. తిరిగి వెళ్ళేసరికి నర్సులు మంచం మీద కొత్త దుప్పటి వేస్తున్నారు.

అప్పటినుంచి ఏటా ఆ రోజున పడైయల్ పెడతారు. చనిపోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి, ఫోటో ముందు అరిటాకులో వడ్డించి, అందరూ బయటికొచ్చి తలుపు మూసేస్తారు. లోపల వాళ్ళు వచ్చి తింటారని నమ్మకం. కాసేపాగి తలుపు తట్టి తెరుస్తారు. తట్టకుండా తెరవకూడదు, తింటున్నవాళ్ళని లేపినట్టవుతుంది. రత్నావతి మొదట వండేది ఎండుచేపల పులుసే. అయినా ఆ పులుసు తను తినేది కాదు.

పోయినేడు తలుపు తెరిస్తే ఫోటో ఫ్రేము మీద ఇలాంటి పెద్ద చిమ్మట వాలి ఉంది. రత్నావతి చాలాసేపు దాన్నే చూసింది. “తిన్నాది” అంది. ఆ రాత్రి ఆమె కూడా తింది. కంచం నాకినంత పని చేసిందని తనేశ్ వాళ్ళమ్మ ఫోన్లో చెప్పింది.

ఈ ఏడు పడైయల్‌కి రెండు రోజుల ముందే వరండా గోడ మీదికి ఈ చిమ్మట వచ్చింది. “ఎడమ కాలు ఈడ్సుకుంటూ నడిసేది కదా అత్త. సూడు, ఎడమ తోకే సిరిగినాది” అంది రత్నావతి. తాతబాబు చూశాడు. అవునని అనలేదు, కాదని అనలేదు. తనకైతే అమ్మ మీద ఏ అనుమానమూ లేదు, అమ్మ పోయింది. పురుగు మీదే అనుమానం. దాని రెక్కల అడుగుభాగం ఎలా ఉంటుందో అతను ఇంతవరకూ చూడలేదు.

తాతబాబు పురుగుల్ని చూడటం ఇప్పుడు మొదలుపెట్టింది కాదు. అతను పుట్టింది బటాంగ్ బెర్జుంటై దగ్గర తోటలో, కూలీల లైన్లలో. తాత విశాఖపట్నం దిక్కునుంచి ఓడెక్కి ఈ మలాయ్ దేశం వచ్చినవాడు. ఊరి పేరు ఇంట్లో తలా ఒకటి చెబుతారు. రబ్బరు చెట్లు కొట్టేసి పామాయిలు వేసే రోజుల్లో తాతబాబుకి మీసాలొచ్చాయి. గెలలు కోసే బలం లేదని మేస్త్రీ అతన్ని పురుగుల లెక్కలో పడేశాడు.

పామాయిలు ఆకు తినే పురుగొకటి ఉంది. ఎండాకు ముక్కలతో సంచి కుట్టుకుని అందులో దూరి వేలాడుతుంది. రెక్కలొస్తే అదీ చిమ్మటే. తోటలో దాన్ని సంచి పురుగంటారు. దాని లెక్క తియ్యడానికి తోటంతా తిరగక్కర్లేదు. పదేసి చెట్లకొక చెట్టు చొప్పున ఎంచుకుని, ఒక మట్ట నరికి, తిరగేసి, బతికున్న సంచులెన్నో చూడాలి. పైకి బతికినదీ చచ్చినదీ ఒక్కలాగే ఉంటాయి. రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కాలి. మెత్తగా తగిలితే బతికినట్టు, గుల్లగా తగిలితే చచ్చినట్టు. లెక్క హద్దు దాటితే మందు కొడతారు. తాతబాబు వేళ్ళు ఆ పనిలోనే ముదిరాయి. కొన్నాళ్ళకి ఆ గుంపుకి అతనే మేస్త్రీ అయ్యాడు.

అతని గుంపులో రత్నావతి అన్న మునుసామి కూడా ఉండేవాడు. సరదా మనిషి, పాటలు పాడేవాడు, ఎండంటే పడేది కాదు. ఒకరోజు అతని వరసలో తాతబాబు నడిచి చూస్తే ఒక్క మట్టా నరికి లేదు. కాగితం మీద మాత్రం అంకెలన్నీ ముద్దుగా ఉన్నాయి. మునుసామి నీడన కూర్చుని, కునుకు తీసి, లేచి రాసుకున్నాడు. తాతబాబు అతన్ని గుంపులోంచి తీసేశాడు. బావమరిది అని చూడలేదు. మునుసామి ఆ తోటే వదిలి హుటాన్ మెలింటాంగ్ వెళ్ళి పడవల పనిలో చేరాడు. అక్కడే పోయాడు. మధ్యలో చెల్లెలింటికి ఒక్కసారి కూడా రాలేదు.

తోటలో పని అయిపోయాక బంటింగ్‌లో ఈ మూలమీది ఇల్లు కొనుక్కుని వచ్చారు. పక్కన చిన్న జాగా ఉంది. జామ, కరివేపాకు, మునగ, చేమదుంపలు, పూజకి నందివర్ధనం. పొద్దున్నే టీ తాగాక తాతబాబుకి లెక్కపెట్టడానికి ఏమీ లేక చేతులు ఊరికే ఉండేవి. అలా ఉన్న ఒక పొద్దున వరండా గోడ మీద చూపు పడింది. ట్యూబులైటు చుట్టూ రాత్రి వచ్చిన చిమ్మటలు ఇంకా వెళ్ళకుండా అతుక్కుని ఉన్నాయి.

ఆ లైటు రాత్రంతా వెలిగేది రత్నావతి వల్ల. అత్తగారికి దారి కనపడాలని, ఆమె పోయినప్పటినుంచి రత్నావతి దాన్ని ఆర్పనివ్వదు. అత్తగారి కోసం పెట్టిన దీపానికే మొగుడి పురుగులన్నీ వచ్చి చేరుతున్నాయి. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు, ఒక్కరూ పైకి అనరు.

వసంతం అని ఇక్కడ విడిగా ఏమీ రాదు. చైనావాళ్ళ కొత్త సంవత్సరం టపాసులు ఆగిపోయాక, ఉగాదికి ముందు, వాన తగ్గి ఎండ ముదిరే కొన్ని వారాలుంటాయి. చెట్లు కొత్త చిగురు వేస్తాయి. చిగురొస్తే పురుగొస్తుంది, పురుగొస్తే రెక్కలొస్తాయి. తాతబాబుకి పని ఎక్కువయ్యేది అప్పుడే. పక్షులు లేవకముందే గోడ దగ్గరికి వెళ్ళాలి, లేకపోతే మైనాలు టిఫిను చేసేస్తాయి. గోడ చూసి, జామాకుల కింద చూసి, చేమాకుల వెనక చూసి, తమిళ క్యాలెండరులో నిన్నటి కాగితం చింపి దాని వెనక రాసేవాడు. తెలుగు రాయడం రాదు. మలాయ్ బడిలో నేర్చిన అక్షరాల్లోనే రాసేవాడు. పేర్లు మాత్రం తనవే. ఎండుటాకు, పసుపుబొట్టు, గొంగళి ముసలి, మునుసామి మీసం. ఫోన్లో ఏదో చిమ్మటల గ్రూపులో చేరి ఫోటోలు పంపేవాడు. పసుపుబొట్టూ ఎండుటాకూ ఒకే పురుగు, ఒకటి మగది ఒకటి ఆడది అని అక్కడెవరో చెబితే, ఒక పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత పాత కాగితాలన్నీ తీసి కూర్చుని దిద్దుకున్నాడు.

ఆ గ్రూపులోనే ఇంకోటి నేర్చుకున్నాడు. చిమ్మటని డబ్బాలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో కాసేపు ఉంచితే చలికి మత్తెక్కి కదలదు. మెల్లగా తిరగేసి ఫోటో తీసుకోవచ్చు. ఎండలో పెడితే లేచి ఎగిరిపోతుంది. నిన్న సాయంత్రం రత్నావతి గుడికి వెళ్ళినప్పుడు గోడ మీది చిమ్మటని డబ్బాలోకి తీశాడు. ఆమె వచ్చేలోపు మళ్ళీ గోడకి పెట్టేద్దామనుకున్నాడు. కుర్చీలో కూర్చున్నాడు, కన్నంటుకుపోయింది. లేచేసరికి ఆమె వంటింట్లో ఉంది. సరే, కింది అరే కదా, రాత్రికి ఏమీ కాదు, పొద్దున్నే తీద్దామని ఊరుకున్నాడు.

పొద్దున్నే రత్నావతి ముందు లేచింది.

“కావాలని సేసినావు నువ్వు. నీకు లెక్క ముందు, మనుసులు తర్వాత. మా అన్ననీ అలగే సేసినావు. ఇప్పుడు మీ అమ్మ.”

తాతబాబు డబ్బా మూత తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు. మునుసామి మాట వచ్చినప్పుడల్లా అతను చేతికి ఏదో ఒక పని చూసుకుంటాడు.

“రాత్రి కింద కూరగాయలకి చోటు నేదని కూర డబ్బాలన్నీ పైనున్న ఐసులోకి ఎక్కించినాను కదా, అప్పుడే ఒక్కో మూతా తీసి సూసుంటే కనపడిపోవును. బతికించుకుందును. నాకేటి తెలుసు, ఇంట్లో ఇలాటి పనులు సేస్తావని.”

తనేశ్ తల ఎత్తాడు. ఈ ఇంట్లో ఐస్‌క్రీమ్ డబ్బాలో ఐస్‌క్రీమ్ ఎప్పుడూ ఉండదు. నిన్నటి పప్పు ఉంటుంది, మొన్నటి చేపల కూర ఉంటుంది. పెదనాన్న డబ్బా కింది అరలో పెట్టాడు. దాన్ని కూర డబ్బా అనుకుని పైకి ఎక్కించింది పెద్దమ్మ. ఆ మాట ఆమె నోటితోనే చెప్పింది, ఆమె చెవికి మాత్రం అందలేదు.

“పెద్దమ్మా, అయితే మరి డబ్బా నువ్వే…”

తాతబాబు వాడి వైపు చూశాడు. కోపంగా కాదు. ఒక చెయ్యి కొంచెం ఎత్తాడంతే, బస్సుని ఆగమన్నట్టు.

“తప్పు నాదే రత్నా” అన్నాడు తాతబాబు. “కింద ఎట్టబోయి పైన ఎట్టినాను. ఎండలో ఎడదాం. లేస్తాదేమో.”

“లేస్తాదా?”

“సూద్దాం.”

జామచెట్టు కొమ్మ మీద, ఎండ పడే చోట, వెడల్పాకు చూసి దాని మీద చిమ్మటని పెట్టాడు. రత్నావతి వరండా మెట్టు మీద కూర్చుంది. ఆ సాయంత్రమే పడైయల్, అయినా స్టవ్ వెలిగించలేదు. అరిటాకులు తొట్టిలో నానుతున్నాయి, ఎండుచేపలు ప్లాస్టిక్ సంచిలోనే ఉన్నాయి. ఐసు కరిగి రెక్కల మీంచి నీళ్ళు కారాయి. గాలి వీచినప్పుడు రెక్క కొంచెం లేచేది. లేచినప్పుడల్లా ఆమె నడుం ఎత్తి చూసేది.

“కదిలినాది.”

“గాలి.”

“నీకు అన్నీ గాలే.”

పక్కింటి చైనా ముసలాయన గేటు దగ్గర ఆగి ఏం చూస్తున్నారని మలాయ్‌లో అడిగాడు. మా అత్త, అని మలాయ్‌లోనే చెప్పింది రత్నావతి. ఆయన చిమ్మట వైపు చూసి, మర్యాదగా తల వంచి వెళ్ళిపోయాడు. వాళ్ళ ఇళ్ళలోనూ ఇలాంటివి వస్తాయి కాబోలు.

ఎండ మెట్టు మీదికి జరిగింది. రత్నావతికి తల తిరిగినట్టై మంచినీళ్ళకి లోపలికి వెళ్ళింది. అప్పుడు తాతబాబు కొమ్మ దగ్గరికి వెళ్ళాడు. చిమ్మట నడుముని రెండు వేళ్ళ మధ్య పెట్టి మెల్లగా నొక్కాడు. తనేశ్ అతని మొహం చూశాడు. అడగాల్సిన పని లేకపోయింది. అప్పటికే కొమ్మ మీద ఎర్ర చీమలు వరస కడుతున్నాయి.

తాతబాబు జేబులోంచి క్యాలెండరు కాగితం తీశాడు. పొద్దున చింపినది, ఇంకా ఏమీ రాయనిది. చిమ్మటని దాని మధ్యలో పెట్టి, పొట్లం కట్టినట్టు మడిచి, జాగ్రత్తగా జేబులో వేసుకున్నాడు.

రత్నావతి గ్లాసుతో బయటికొచ్చింది. కొమ్మ వైపు చూసింది.

“ఏదీ?”

తాతబాబు కొమ్మ మీది చీమల్ని దులుపుతున్నాడు.

“ఎగిరిపోనాదా?”

“అక్కడ నేదు” అన్నాడు తాతబాబు.

అది అబద్ధం కాదు. పొద్దున చెప్పిన ఒక్క అబద్ధమే అతనికి ఎక్కువ. రత్నావతి గ్లాసు మెట్టు మీద పెట్టి మొగుడి మొహం చూసింది, కొమ్మ చూసింది, గోడ చూసింది. నమ్మిందో, నమ్మాలనుకుందో తనేశ్‌కి తెలియలేదు.

“ఎగిరితే సాయంత్రం రావాల” అంది. “ఆకలితో ఎల్లినాది కదా. రాకపోతే ఇంక ఎప్పుడూ రానట్టే. నా మీద కోపం తీరనట్టే.”

లోపలికి వెళ్ళింది. కాసేపటికి స్టవ్ వెలిగిన చప్పుడు, తర్వాత చింతపండు పిసుకుతున్న గిన్నె చప్పుడు వినపడ్డాయి. ఎండుచేపలు నూనెలో పడ్డాక వాసన వీధి దాకా వెళ్ళింది.

తాతబాబు తనేశ్‌ని గేటు దగ్గరికి పిలిచాడు. చేతిలో ఐస్‌క్రీమ్ డబ్బా ఉంది. కడిగి, మూతకి మేకుతో కొత్తగా చిల్లులు పొడిచి ఉంది.

“పని ఉందా నీకు ఈరోజు?”

“లీవు పెట్టాను, పడైయల్ అని. పనిలోంచి తీసేస్తారేమో, తీస్తే తియ్యనీ.” తనేశ్ గొంతు తగ్గించాడు. “పెదనాన్నా, డబ్బా పైన పెట్టింది పెద్దమ్మ. తిట్లు నువ్వు తింటున్నావు. చెప్పేయొచ్చు కదా.”

“సెప్తే ఏటవుతాది? పులుసెట్టనేదని ఇన్నేల్లు ఏడిసినాది. ఇప్పుడు నా సేత్తోనే ఐసులో ఎట్టినానని సచ్చేదాకా ఏడుస్తాది.”

“సాయంత్రం తలుపు తీస్తే ఏమీ ఉండదు. అప్పుడు ఏడవదా?”

“అందుకే పిలిసినాను.” తాతబాబు డబ్బా వాడి చేతిలో పెట్టాడు. “మోరిబ్ రోడ్డులో పెద్ద పెట్రోల్ స్టేషన్ ఉన్నాది కదా. రాత్రంతా లైట్లు. ఈ సీజన్లో ఆ రేకుల కింద, గోడల మీద ఇలాటివి వాలి పొద్దున్నా ఎల్లవు. మొన్న పెట్రోలు కొట్టించుకున్నప్పుడు నాలుగైదు సూసినాను. ఒకటి తేవాల.”

తనేశ్‌కి నవ్వొచ్చింది, కానీ పెదనాన్న మొహం చూసి మింగేశాడు. “వేరే చోటినుంచి తెచ్చి ఇక్కడ వదలడమా? మునుసామి మావయ్యని దేనికి తీసేశావు మరి? చీటింగ్ లా ఇది.”

“అవును” అన్నాడు తాతబాబు.

జేబులో ఉన్న కాగితాన్ని తాతబాబు బయటనుంచే ఒకసారి తడుముకున్నాడు.

“ఈరోజు కాయితం మీద నాను ఏటీ రాయను” అన్నాడు. “కొత్తదీ రాయను, పాతదీ రాయను. మా బావమరిది అంకెలు రాసినాడు. నాను రాయను. అంతే తేడా.”

“పెద్ద తేడా ఏం కాదు.”

“కాదు.”

తనేశ్ మోటారుసైకిలు తాళం తీశాడు. డబ్బాని సీటు ముందు తగిలించుకున్నాడు. వంటింట్లో రత్నావతి తనలో తను ఏదో పాడుకుంటోంది, పాట గుర్తు పట్టడానికి లేదు. తాతబాబు హ్యాండిలు మీద చెయ్యి వేసి ఆపాడు.

“మేమందరం బయటికొచ్చి తలుపేసినాక నువ్వు హాలు వెనక కిటికీలోంచి వదిలేయ్. ఫోటో మీద వాలకపోయినా పరవానేదు, ఆ గదిలో ఉంటే సాలు, ఆవిడ ఎతుక్కుంటాది. ఇంకోటి. మీ పెద్దమ్మ ముందు తోకే సూస్తాది. అలాగని రెక్క నువ్వు సింపకు. ఎడం తోక సిరిగినదే దొరికితే తే. దొరక్కపోతే ఊరికే వచ్చేయ్.”